కొనేవాడి చూపు, కోడె రూపు

మా కుటుంబపు వాట్సాప్ గ్రూపులో ఒక తెల్ల ఆవు బొమ్మ ఆరు నెలలకొకసారి తిరిగొస్తా ఉంటుంది. "మన నెల్లూరు ఆవు బ్రెజిల్‌లో 40 కోట్లు పలికింది" అని కింద ఒక వాక్యం. హోసూరులో ఉన్న మేమూ, బెంగళూరు చేరిన పిల్లలూ, పుణెలో ఉన్న మేనత్త కొడుకులూ అందరం దండం గుర్తు పెట్టేస్తాము. వార్త అబద్ధం కాదు. ఆ ఆవు పేరు వియాతినా-19. 2023లో దాంట్లో మూడో వంతు వాటాకే వేలంలో సుమారు 70 లక్షల రియాలు వచ్చాయి. రియాలు అంటే బ్రెజిల్ రూపాయి. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ దాదాపు 2 కోట్ల 10 లక్షల రియాలు. తూకం 1,101 కిలోలు. గిన్నిస్ పుస్తకానికి కూడా ఎక్కింది.

అయితే "మన" అనే మాట దగ్గర మేము కాస్త ఆగవలసి వచ్చింది. మా ఇంట్లో ఎద్దుల బేరం తెలిసినవాళ్లు మూడు తరాలు ఉన్నారు. ఆ బొమ్మను వాళ్ల కళ్లతో చూస్తే మొదట కనపడేది వేరే. కాళ్లు పొట్టి. ఒళ్లు బరువు. వెనక తొడలు దిండ్లలా ఉన్నాయి. ఇట్లాంటి కట్టు ఉన్న కోడెను మా తాతలు పరసలో చూసుంటే రెండోసారి తల తిప్పేవాళ్లు కాదు. కాడికి కడితే మధ్యాహ్నానికి కూలబడుతుంది. మరి ఒంగోలు మట్టిలో పుట్టిన జాతి ఇట్లా ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు? ఈ సారి అదే రాస్తున్నాము. ఇది ఆవు గొప్ప గురించిన కథ కాదు, కొనేవాళ్ల కథ.

ముందు పేరు సంగతి. పుట్టుక గుండ్లకమ్మ, మూసీ ఏర్ల నడుమ నల్లరేగడిలో. మరి నెల్లూరు పేరు ఎందుకొచ్చింది? 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఓడలెక్కిన పశువుల కాగితాల మీద జిల్లా పేరే పడింది. పోర్చుగీసు నాలుక మీద అది నెలోరె అయ్యింది. జిల్లా గీతలు మారినా అక్కడ పేరు మారలేదు. మనలాంటి వలస కుటుంబాల ఇంటిపేర్లలో ఎప్పుడో వదిలేసిన ఊరు మిగిలిపోయినట్టే ఇదీ.

ఒంగోలు సీమలో ఆ రోజుల్లో పశువును కొనేది ఎవరు? కృష్ణా, గోదావరి డెల్టాల వరి రైతులు, నల్లరేగడి లోతుగా దున్నుకోవలసిన మెట్ట రైతులు, బండ్లు తోలేవాళ్లు. వీళ్లకు కావలసింది ఒకటే, బురదలోనూ రేగడిలోనూ దిగబడకుండా బరువు లాగే జత. అందుకని పెంచేవాళ్ల చూపు మొత్తం కోడె దూడ మీదే. ఆవు పాలు పిండటంలో కూడా కోడె దూడకు వాటా ఎక్కువ వదిలేవాళ్లు. పెయ్య దూడకు అంత భాగ్యం లేదు. జొన్న చొప్ప, పిల్లిపెసర కోడెల ముందుకే ముందు వెళ్లేవి. ఆవు ఇచ్చే పాలు ఇంటికి సరిపోతే చాలు. జత అమ్మితే వచ్చే డబ్బే ఆ సంవత్సరపు శిస్తు, ఆ సంవత్సరపు పెళ్లి.

ఆబోతు సంగతి ఇంకా బాగుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల పేరున ఒక కోడె దూడను అచ్చు వేసి దేవుడికి వదిలేసే ఆచారం మనందరికీ తెలిసిందే. ఒంగోలు ఊళ్లలో ఆ దూడను వదిలే ముందు ఊరి పెద్దలు చూసేవాళ్లు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, నడక ఎట్లా ఉంది, మూపురం నిటారుగా ఉందా పక్కకు ఒరిగిందా అని. బాగలేదంటే వేరే దూడ తెమ్మనేవాళ్లు. అట్లా వదిలిన ఆబోతు ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. ఊరి ఆవులన్నిటికీ అదే విత్తనం. ఒక ఇంటి పుణ్యం ఊరందరికీ పశువుల మేలుగా మారడమన్నమాట. సర్కారు పశువుల ఫారాలు పుట్టక ముందు విత్తనపు కోడె ఎంపిక ఇట్లా నడిచింది. మా అంచనా ప్రకారం ఒంగోలు జాతికి అంత ఒకే పోలిక రావడానికి మేత కంటే ఇదే పెద్ద కారణం. తర్వాత తర్వాత పుణ్యం మిగిలింది గాని పరీక్ష పోయింది. చవకగా దొరికిన దూడను వదిలేస్తే కూడా కర్మ తీరిపోతుందని జనం నేర్చుకున్నారు.

ఇప్పుడు ఓడ ఎక్కుదాం. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు అందులో ఉన్న ఒంగోలు జతను అక్కడే అమ్మేశారని బ్రెజిల్ పెంపకందార్లు తమ చరిత్ర మొదలుపెడతారు. 1878లో రియో ప్రాంతపు లెమ్‌గ్రుబెర్ అనే ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో ఒక ఒంగోలు జతను చూసి కొన్నాడు. జంతుశాలలో వింత కోసం పెట్టినదాన్ని రైతు కంటితో చూడటం అంటే ఇదే. ఆయనకు ఆ కన్ను ఎందుకుందో చెప్పాలి. బ్రెజిల్‌లో అప్పటికి ఉన్నవి యూరపు నుంచి వచ్చిన పశువుల సంతతి. ఎండకు వగర్చేవి, గోమార్లకు చచ్చేవి. ముదిరిన గడ్డి తిని ఒళ్లు చేయలేకపోయేవి. మూపురం పశువుకు చర్మం వదులు, వెంట్రుక పొట్టి, నల్లటి చర్మం మీద తెల్లటి వెంట్రుక. ఎండలో నిలబడి నెమరు వేస్తుంది. ఈ గుణాలు మన రైతులు మాంసం కోసం ఏరినవి కావు, ఎండలో దున్నడం కోసం ఏరినవి. అక్కడివాళ్లు వాటిని ఇంకో పనికి వాడుకున్నారు.

ఆ తర్వాత బ్రెజిల్ నడుమనున్న ఉబెరాబా చుట్టుపక్కల ఆసాములు ఇండియాకే మనుషుల్ని పంపించి కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఈ రాకపోకల్లో ఒక పెద్ద అనర్థం కూడా జరిగింది. 1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కు పోతున్న పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటి వెంట ముసర రోగం దిగింది. బెల్జియం మందలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడు బ్రెజిల్‌లోనూ ఆ రోగం కనపడితే వాళ్లు దిగుమతి ఆపేశారు. ఆ భయంతోనే 1924లో 28 దేశాలు పారిస్‌లో కూర్చొని పశురోగాల కోసం అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నాయి. అదే ఇప్పటికీ నడుస్తోంది. మూపురం పశువుల బేరం ఒకటి ప్రపంచపు పశువైద్యానికి ఒక ఆఫీసు కట్టించిందంటే మా పిల్లలు నమ్మరు.

కొనేవాడి చూపు ఎప్పుడూ తెలివైనదే అనుకోవద్దు. దీనికి బ్రెజిల్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. 1930లు, 40లలో అక్కడ ఇందుబ్రజిల్ అనే సంకరజాతికి పిచ్చి గిరాకీ వచ్చింది. గిర్, కాంక్రేజ్ రక్తం ఎక్కువ, కొంచెం ఒంగోలు. దాని గొప్ప ఏమిటంటే చెవులు! వేలాడే పొడవాటి చెవులున్న ఆబోతుకు చెప్పినంత ధర. ఆసాములు బ్యాంకుల దగ్గర అప్పులు తెచ్చి చెవులు కొన్నారు. ఒంగోలు చెవి పొట్టిది, మొన తేలింది కాబట్టి ఆ రోజుల్లో దాన్ని చిన్నచూపు చూశారు. 1945 నాటికి ఆ బేరం ఒక్కసారిగా కూలిపోయింది. చాలామంది ఆస్తులు పోగొట్టుకున్నారు. చెవుల్లో మాంసం లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మన దగ్గర సుడులు చూసి ధర తగ్గించేవాళ్లను మేము నవ్వకుండా ఉండటానికి ఈ కథ ఒక కారణం. ఏ దేశమైనా పశువుల సంతలో అట్లాంటి మాట ఒకటి ఉంటుంది.

చెవుల మోజు తగ్గాక ఒంగోలు రక్తం వంతు వచ్చింది. 1938లోనే వంశావళి పుస్తకం మొదలైంది. ఏ ఆబోతుకు ఏ ఆవు, పుట్టిన దూడ ఏది అని రాసి పెట్టుకోవడం. మన దగ్గర ఊరి పెద్దల తలలో ఉన్నది అక్కడ కాగితం మీదికి ఎక్కింది. 1960లు మొదలయ్యేసరికి ఇంకో విడత పశువులు ఇక్కడి నుంచి వెళ్లాయి. వాటిని నేరుగా నేల మీదికి దించకుండా సముద్రం మధ్యనున్న ఫెర్నాందో ది నోరోన్యా దీవిలో రోగాలు లేవని తేలేదాకా ఉంచారు. ముసర రోగం పాఠం అది. అట్లా వెళ్లినవాటిలో కరవది అనే ఆబోతు ఒకటి. కరవది ఒంగోలుకు దగ్గర్లోనే ఉన్న పల్లె. ఊరి పేరే ఆబోతుకు పేరైంది. గోదావరి, తాజ్ మహల్ అనే పేర్లతో ఇంకొన్ని వెళ్లాయి. ఈనాటి నెలోరె వంశవృక్షాలు తిరగేస్తే కరవది పేరు పదే పదే తగులుతుంది.

ఇక అసలు ఎంపిక. బ్రెజిల్‌లో కొనేవాడు కబేళా. వాడు జతను కొనడు, అర్రోబాలు కొంటాడు. అర్రోబా అంటే 15 కిలోలు, మన పాత మణుగు లాంటి కొలత. చర్మం, తల, పేగులు పోగా మిగిలిన కళేబరాన్ని తూచి అర్రోబాకు ఇంత అని కడతాడు. ధర తూకం మీద అయినప్పుడు రైతు కన్ను కూడా త్రాసు అవుతుంది. ఏడాదికి ఎంత పెరిగింది, ఏడాదిన్నరకు ఎంత పెరిగింది అని దూడల్ని ఒకే మేతలో పెట్టి తూచారు. నెమ్మదిగా పెరిగి ఎత్తయ్యేదాన్ని పక్కన పెట్టి, తొందరగా కండ పట్టి కొవ్వు పూత వచ్చేదాన్ని ఉంచారు. కాలు పొట్టయ్యింది, ఛాతీ లోతయ్యింది, వెనక భాగం వెడల్పయ్యింది. ఆబోతు వృషణాల చుట్టుకొలత టేపుతో కొలిచారు. అది ఎక్కువున్నవాటి కూతుళ్లు తొందరగా ఎదకు వస్తాయని లెక్క తేలింది. పొట్ట కింద చర్మం కిందికి జారిన ఆబోతును తీసేశారు, ఎందుకంటే పొడుగు గడ్డిలో తిరిగేటప్పుడు అది గీసుకుని పుండు పడుతుంది. మన ఆసాములకు ఈ తంటా లేదు, మన ఆబోతు ఊరి దారిలో తిరిగేది. కొమ్ములు లేని రకాన్ని కూడా విడిగా పెంచారు. వందల పశువుల్ని ఒకే దొడ్లోకి తోలేవాడికి కొమ్ము ఒక గాయం, అంతే. మన దగ్గర కొమ్ము లేకపోతే ముఖమే లేదు!

మూపురం సంగతి చెప్పడానికి మాకు కాస్త ఇబ్బందిగా ఉంది, అయినా చెప్పాలి. మన దగ్గర కాడి ఆనేది మూపురం ముందు. సంక్రాంతికి పసుపు పూసేది అక్కడే. బ్రెజిల్‌లో దానికి కుపిం అని పేరు, నిప్పుల మీద నెమ్మదిగా కాల్చుకునే ప్రత్యేకమైన ముక్క. అక్కడివాళ్లకు అది పండగ భోజనం. మా అవ్వ ఉంటే ఈ పేరా చదవనిచ్చేది కాదు. మేము ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మన ఇళ్లలోనే తినేవాళ్లూ ఉన్నారు, ముట్టనివాళ్లూ ఉన్నారు. కానీ "మన ఆవుకు విదేశాల్లో ఎంత గౌరవమో" అని రాసేవాళ్లు ఆ గౌరవం ఏ పని కోసం వచ్చిందో తెలుసుకొని రాయాలి. వియాతినాను ఎవరూ కోయరన్నది నిజమే. దాని అండాలతో పిండాలు చేసి అమ్ముతారు. ఆ డబ్బు దాని సంతతి కోసం. ఆ సంతతి కబేళా కోసం.

ఈ కథలో మాకు బాగా నచ్చినది పళ్ల సంగతి. చైనా బ్రెజిల్ బీఫ్‌ను పెద్ద ఎత్తున కొంటోంది. వాళ్ల షరతు, పశువు వయసు 30 నెలలు దాటకూడదు. పుట్టిన తేదీ కాగితం లేని పశువును ఏం చేస్తారు? నోరు తెరిచి చూస్తారు. నాలుగు పళ్లకు మించితే చైనాకు పనికిరాదు. సరిపోయినదానికి అర్రోబా మీద కొంచెం ఎక్కువ ధర, దానికి చైనా ఎద్దు అనే పేరు కూడా పడింది. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని మన పరసల్లోనూ ఒంగోలు వైపు బండలాగుడు పోటీల్లోనూ పిలిచే లెక్కే అది. మన దళారి పళ్లు చూసేది ఇంకెన్నేళ్లు దున్నుతుందో తెలియడానికి. వాళ్లు చూసేది ఇక పెంచడం ఆపాలా అని. ఈ ఒక్క షరతు వల్ల అక్కడ రెండేళ్లు దాటగానే కబేళాకు తయారయ్యే పశువే లాభమైంది, ఆబోతుల ఎంపిక ఇంకా తొందర పెరుగుదల వైపు జరిగింది.

ఇది బ్రెజిల్‌తో ఆగలేదు. అమెరికాలో 1924లో సంఘం పెట్టుకున్న బ్రాహ్మన్ జాతిలో ఒంగోలు, గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ పశువుల రక్తం కలిసింది. ఇండోనేషియాలోని సుంబా దీవిలో ఒంగోలు మంద వందేళ్ల పైనుంచి ఉంది. ఎక్కడికి పోయినా అక్కడి కొనేవాడికి తగ్గట్టు రూపు మార్చుకుంది.

మరి మా హోసూరు వైపు? ఇక్కడ ఒంగోలు కన్నా హళ్లికార్ ఎక్కువ. బూడిద రంగు, వెనక్కి వాలిన పొడవాటి కొమ్ములు, సన్నటి మూతి. మా తాతల కాలంలో పద్ధతి ఏమిటంటే, రెండు పళ్ల కోడెల్ని జత కుదిరేలా ఏరి తెచ్చి, రెండు కార్లు మడకకూ కపిలకూ అలవాటు చేసి, ఆరు పళ్లకు వచ్చేసరికి పరసలో అమ్మడం. దొడ్డబళ్లాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య జాతరకు మార్గశిర పుష్య మాసాల్లో నడిపించుకుని పోయేవాళ్లు. తుండుగుడ్డ కింద దళారి వేళ్లు పట్టుకొని బేరం. ఒకటి ఎంత బాగున్నా జత కుదరకపోతే సగం ధర. ఎత్తు, రంగు, కొమ్ము వంపు, నడక వేగం కూడా కలవాలి. తమిళ రైతు వస్తే గిట్టలు ముందు చూస్తాడని, కర్ణాటక వైపు ఆసామి కొమ్ములు ముందు చూస్తాడని మా తాతలు అనేవాళ్లు. అందుకే ఎవరి చేతికి అమ్మాలనుకుంటే దానికి తగ్గ కోడెను ఏరుకొచ్చేవాళ్లు. చదువు లేకపోయినా మార్కెట్ సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ట్రాక్టర్ వచ్చాక ఆ కొనేవాడు పోయాడు. ఆ స్థానంలో పాల సొసైటీ వచ్చింది. వెన్న శాతం చూసి, పాల చిక్కదనం చూసి డబ్బు కట్టింది. మేమూ అందరిలాగే జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరానికి మారాము. సంకరజాతి కోడె దూడ పుడితే దానికి మూపురం లేదు, కాడికి రాదు, ఎండకు ఆగదు. ఒకప్పుడు ఇంట్లో పాల వాటా ముందు దొరికిన కోడె దూడ ఇప్పుడు ఎవరికీ అక్కర లేని దూడ. ఇక్కడ చట్టమూ జనం మనసూ రెండూ మాంసం బేరానికి గట్టిగా అడ్డు నిలిచాయి కనుక బ్రెజిల్ దారి మన రైతుకు లేదు. అవునా కాదా అని వాదన చేయడం లేదు, లెక్క మాత్రం అది.

ఒంగోలు సీమలో విత్తనం నిలబెట్టడానికి సర్కారు పనిచేస్తూనే ఉంది. గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఒంగోలు మందలున్నాయి. అప్పుడప్పుడు బ్రెజిల్ నుంచి నెలోరె వీర్యం తెప్పించుకుంటే మన జాతి బాగుపడుతుందనే మాట వింటాం. మాకైతే ఒప్పుకోబుద్ధి కాదు. దశాబ్దాల పాటు తూకం కోసం ఏరిన విత్తనం వచ్చి ఇక్కడ ఏం చేస్తుంది? పాలు పెంచదు, నడక పెంచదు. పెంచేది మనం అమ్మలేని తూకాన్ని. ముందు ఒంగోలు పశువును ఇక్కడ ఎవరు కొంటారో తేల్చాలి. ప్రస్తుతం గట్టిగా డబ్బు పెట్టి కొంటున్నది బండలాగుడు పందేలవాళ్లే. వాళ్ల కోసం పెంచే గిత్తలు లావుగా, బరువుగా, ఒక్క ఊపులో లాగేట్టు తయారవుతున్నాయి. రోజంతా దున్నే పాత ఒంగోలు కాదు అది కూడా.

మా వైపు ఇంకో రకం. కృష్ణగిరి జిల్లాలో ఎద్దులు వదిలే పండగలు, తమిళంలో ఎరుదు విడుం విళా అంటారు, 2017లో చట్టం మార్చాక మళ్లీ ఊపందుకున్నాయి. దానికి కావలసింది తేలికైన, భయం లేని, వదిలితే బాణంలా పోయే కోడె. జత అక్కర లేదు, ఒంటరి చాలు. పాతికేళ్లు నిండని కుర్రవాళ్లు విత్తనపు కోడెల్ని కట్టి, ఆవు తెచ్చినవాళ్ల దగ్గర దాటుకు ఇంత అని తీసుకుంటున్నారు. బేరం తుండుగుడ్డ కింద కాదు, ఫోన్‌లో. పళ్ల ఫొటో, సుడుల ఫొటో, పరుగు వీడియో పంపమంటారు. మొన్న మా చిన్నాయన కొడుకు ఒక కోడెను అమ్మకానికి పెడితే, కొనేందుకు వచ్చిన నలుగురిలో ఒక్కరూ గిట్టలు ఎత్తి చూడలేదు. ఎన్ని సెకన్లలో దాటింది అని అడిగారు.